ఓరుగల్లు వీథులు: గుడి, ఊరు, చెరువు

ఆలయ పునఃప్రతిష్ఠా మహోత్సవ సందర్భంగా వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికలో స్థలపురాణాన్ని గురించి, మూర్తి వైభవాన్ని గురించి, ఆగమోక్తమైన అర్చనా విధానాన్ని గురించి నాకంటె పెద్దలు, పండితులు వ్రాసియున్నారు. దాతల నామావళిని కూడా మీరు చూచే ఉంటారు. నేను మాత్రం మిమ్ములను గర్భాలయం నుండి వెలుపలికి, ధ్వజస్తంభం దాటించి, మహాద్వారం దాటించి వీథిలోకి తీసుకొని పోదలచాను. విమానానికి, శిఖర కలశాలకు, మండపానికి, తలుపులకు సైతం దాతలు లభించారు. గుడి ముందరి వీథికి దాత ఎవరని వెదికితే ఏ పుటలోనూ పేరు కానరాదు. అందుకు ఎవరినీ నిందింపనవసరం లేదు. వీథి ఎవరిదీ కాదు గనుక అందరూ దానిని మరచిపోతారు. కాని మన ప్రాంతంలో ఒకానొక కాలమందు గుడిని, వీథిని, చెరువును విడివిడిగా ఊహించిన వారు లేరు. ఆ సంగతి మనవి చేయడమే ఈ వ్యాసోద్దేశం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలోని అధిక భాగం 2016 అక్టోబరు 11 వరకు వరంగల్లు జిల్లాలోనిదే. జిల్లాలు వేరుపడినా దారులు వేరుపడలేదు. జనగామ నుండి కాజీపేట మీదుగా, మానుకోట నుండి కేసముద్రం, నెక్కొండ మీదుగా, భూపాలపల్లి నుండి రేగొండ, పరకాల మీదుగా మనమందరం చేరేది ఓరుగల్లుకే. కనుక ముందు అక్కడి వీథులనే చూద్దాం.

ఓరుగల్లు పుట్టుకను గురించి మన పెద్దలు చెప్పే కథ ఒకటి కలదు. కాకతీయుల తొలి రాజధాని అనుమకొండ. రెండవ ప్రోలరాజు కాలంలో ధాన్యపు బండ్లు ఆ నగరానికి వస్తుండగా, ఒక బండి ఒరిగి దాని చక్రపు ఇనుప పట్టా ఒక రాతికి తగిలి బంగారమైందట. ఆ రాయి పరుసవేది లింగమని ఎరిగిన రాజు అక్కడే ఆలయం కట్టించి, ఆ స్వామి చుట్టూ నగరం నిర్మింప సంకల్పించాడట. చరిత్రకారులు దీనిని శాసన ప్రమాణంగా స్వీకరింపరు. అది సమంజసమే. అయినా ఈ కథలో ఒక విశేషాన్ని గమనించండి. స్వామి వెలసినది కొండ శిఖరం మీద కాదు, నదీతీరాన కాదు, బండ్లు నడిచే బాట మీద. మొదట దారి, దారిలో దేవుడు, దేవుని చుట్టూ ఊరు. ఓరుగల్లు వారి ఊహలో నగరం ఆ వరుసలోనే పుట్టింది.

ఇక ప్రమాణాలున్న సంగతులకు వద్దాం. రుద్రదేవుడు అనుమకొండలో వేయిస్తంభాల గుడిని 1163లో ప్రతిష్ఠించాడు. శక సంవత్సరం 1084 నాటి శాసనం ఆలయ ప్రాంగణంలోనే నేటికీ నిలిచి ఉన్నది. ఆ తరువాత రాజధాని క్రమంగా ఆగ్నేయ దిక్కున కొన్ని కిలోమీటర్ల దూరంలోని ఓరుగల్లుకు తరలింది. గణపతిదేవ చక్రవర్తి (1199–1262) కాలంలో కోట నిర్మాణం విస్తరించి, రుద్రమదేవి (1262–1289) కాలంలో పూర్తయిందని చరిత్ర చెబుతున్నది.

ఆ నగరానికి లోపలిది రాతికోట. దాని వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, బురుజులు 45. దాని వెలుపల మట్టికోట, వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు. ఇంకా వెలుపల దాదాపు 12.5 కిలోమీటర్ల వ్యాసంతో మరొక మట్టికట్ట. రెండు లోపలి ప్రాకారాలకూ చుట్టూ నీటి అగడ్తలు ఉన్నవి. అన్నీ వృత్తాకారాలు. ఈ మూడింటికీ నడుమ స్వయంభూ దేవాలయం.

ఈ అంకెలను కాగితం మీద వదలివేయక, కాలినడకన కొలిచి చూడండి. రాతికోట గోడ నుండి స్వామి సన్నిధికి ఆరువందల మీటర్లు. అనగా వృద్ధులు సైతం పది నిమిషాలలో చేరగలరు. మట్టికోట గోడ నుండి పావుగంట, ఇరవై నిమిషాలు. వృత్తంలోని సొగసు ఇదే. ఏ దిక్కున నివసించే వానికైనా గుడి సమదూరం. తూర్పువాడ వారు దగ్గర, పడమటివాడ వారు దూరం అన్న తేడా లేదు. పైగా ఒకే వైశాల్యాన్ని చుట్టి రావడానికి చతురస్రం కంటె వృత్తానికి తక్కువ గోడ చాలును. మూలలు లేవు గనుక శత్రువు పట్టుకొనే కొస కూడా ఉండదు. అగడ్త త్రవ్విన మట్టే కట్టకు పనికివచ్చును. భక్తి, పొదుపు, రక్షణ ఒకే గీతలో కలిసి వచ్చిన సందర్భమిది.

ఆలయానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలిపారు. ఒక్కొక్కటి సుమారు 30 అడుగుల ఎత్తు. ఎదురెదురు తోరణాల మధ్య దూరం నాలుగువందల అడుగులకు పైనే. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో మీరు చూచిన తోరణం వీటిదే. చాలామంది యాత్రికులు వీటి ముందర ఫోటోలు దిగి, లతలను, హంసలను మెచ్చుకొని వెళ్ళిపోతారు. అది శిల్పమే, కాదనను. కాని తోరణమన్నది ప్రధానంగా ఒక దారి. దానికి తలుపు లేదు. మూయడానికి వీలే లేని ద్వారమది. కోట ద్వారాలలో ఇనుప తాపడం చేసిన తలుపులు, దేవుని ద్వారాలలో ఆకాశం! ఈ భేదాన్ని ఆ స్థపతులు బుద్ధిపూర్వకంగానే చూపించారని నా విశ్వాసం.

రాతికోట ద్వారాలు మరొక రకం. మీరు తిన్నగా లోనికి పోజాలరు. ఒక ద్వారం దాటగానే గోడలతో మూసిన ప్రాంగణం, అక్కడ ఒక మలుపు, మరొక ద్వారం, మరల మలుపు. ఏనుగుతో తలుపు పగులగొట్టడానికి పరుగెత్తే దూరం దొరకకుండా చేసిన ఏర్పాటిది. నాలుగు ద్వారాలలోనూ మలుపులు ఒకే వరుసలో తిరుగుతాయి గనుక, పైనుండి చూస్తే నగర చిత్రంలో స్వస్తిక రేఖ గోచరిస్తుందని జార్జ్ మిషెల్ వంటి పరిశోధకులు వ్రాశారు. వృత్తాకార నగరాన్ని వారు విశ్వచిత్రంగా దర్శించారు. మన వాస్తుగ్రంథమైన మానసారంలో గ్రామాలకు, పట్టణాలకు దండకం, సర్వతోభద్రం, నంద్యావర్తం, పద్మకం, స్వస్తికం, ప్రస్తరం, కార్ముకం, చతుర్ముఖం అని ఎనిమిది రూపాలు చెప్పబడినవి. తూర్పు పడమరలుగా రాజవీథి, ఊరిని చుట్టివచ్చే మంగళవీథి కూడా అక్కడి మాటలే. ఓరుగల్లు వీటిలో ఏ ఒక్కదానికో అచ్చుగుద్దినట్లు సరిపోతుందని నేననను. గ్రంథం తెలిసిన స్థపతి నేలను చూచి మార్పు చేసుకొంటాడు. పుస్తకం కంటె బండరాయి గట్టిది గదా!

ఆ నగర వీథులు ఎట్లుండేవో తెలుపడానికి మనకు ఒక అపూర్వ గ్రంథం కలదు. అది వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం దానికి మూలం. ఇది దశరూపకాలలో ‘వీథి’ అను జాతికి చెందినది. పేరులోనే వీథి, కథ కూడా వీథిలోనే! గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిద్దరు ఒక దినమంతా ఓరుగల్లు వీథుల వెంట తిరుగుతారు. మోహరివాడ, పూటకూళ్ళ ఇల్లు, కోడిపందెం, వీరగాథలు పాడే స్త్రీలు, దేవతల గుళ్ళు, అన్నీ ఆ నడకలోనే ఎదురవుతాయి. కొన్ని ఘట్టాలు శృంగార ప్రధానమైనవి గనుక ఈ సంచికలో వాటిని వివరింపను. గమనింపదగినదేమనగా, ఒక నగరాన్ని వర్ణించడానికి ఆ కవి రాజసభను ఎన్నుకొనలేదు, మామూలు మనుష్యులు నడిచే వీథిని ఎన్నుకొన్నాడు. నడచి చూడదగిన నగరమైతేనే గదా అట్టి కావ్యం పుట్టేది.

మాటలలో కూడా ఆనాటి నగరం నిలిచి ఉన్నది. వరంగల్లులో మట్టెవాడ, కొత్తవాడ అంటాం. గిర్మాజీపేట, రామన్నపేట, రంగశాయిపేట అంటాం. వాడ అంటే ఒక వృత్తివారో, ఒక కులంవారో కలిసి నివసించే చోటు. పేట అంటే అమ్మకం, కొనుగోలు సాగే చోటు. కొత్తవాడలో మగ్గాల మీద జంపఖానాలు నేసిన నేతగాండ్ర శ్రమను మీరెరుగుదురు. బండి పట్టేంత బాట, బాటకు ఇరువైపుల అరుగులు, అరుగు మీద పని, అరుగు వెనుక ఇల్లు. ఈ అరుగు గురించి ఒక మాట చెప్పాలి. అది ఇంటిదీ కాదు, వీథిదీ కాదు, రెండింటిదీ. బాటసారి కూర్చుంటాడు, ముసలివారు కబుర్లు చెప్పుకొంటారు, ఊరేగింపు వస్తే హారతి పళ్ళెం అక్కడి నుండే లేస్తుంది. రోడ్ల వెడల్పు పేరిట మొట్టమొదట పోయేది అరుగే. జనగామ పాత బజారులో నేడు ఎన్ని అరుగులు మిగిలాయో, మీరు ఒక సాయంకాలం లెక్కించి చూడండి.

1310లో మాలిక్ కాఫూర్ సేనలు ఓరుగల్లును ముట్టడించాయి. ఆ దండయాత్రను వర్ణించిన అమీర్ ఖుస్రో, అనుమకొండ గుట్ట మీద నుండి ఓరుగల్లు భవనాలు, తోటలు కనిపించేవని వ్రాశాడు. శత్రుపక్షపు కవి నోట వచ్చిన మాట గనుక అది మరింత విలువైనది. 1323లో ఉలుగ్ ఖాన్ చేత నగరం పతనమైంది. ప్రతాపరుద్ర చక్రవర్తి బందీ అయ్యాడు. స్వయంభూ దేవాలయం నేలమట్టమైంది. నేడు అక్కడ మీరు చూచేది విరిగిన స్తంభాలు, పీఠాలు, చూరు రాళ్ళు. నాలుగు తోరణాలు మాత్రం నిలిచాయి. చతుర్ముఖ లింగం సమీపాన గల శంభునిగుడిలో పూజలందుకొంటున్నది. ఆశ్చర్యమేమనగా, గుడి పోయినా దారి పోలేదు. పడమటి ద్వారం నుండి తూర్పు ద్వారం దాకా ఆ పాత బాటలోనే నేటికీ ఆటోలు, బస్సులు, పాఠశాల పిల్లలు వంకర ద్వారాల మలుపులు తిరుగుతూ పోతున్నారు. లోపల నివసించే వారు నేటికీ పడమర కోట, మధ్యకోట, తూర్పు కోట అనే అంటారు. రాజ్యం మారింది, భాష మారింది, పన్ను వసూలుచేసే వారు మారారు. వీథి మారలేదు.

ఇక మన ఊళ్ళ సంగతి. జనగామ, మానుకోటలకు నేటి రూపమిచ్చినది ప్రధానంగా రైలు. నిజాం రైల్వే 1886లో వరంగల్లు చేరి, 1889లో బెజవాడ వరకు సాగింది. ఈ రెండు పట్టణాలూ ఆ దారిలోనివే. అప్పటినుండి ఊరికి ముఖం మారింది. గుడి వైపు చూచే ఊరు స్టేషన్ వైపు చూడసాగింది. గిడ్డంగులు, మిల్లులు, దుకాణాలు, హోటళ్ళు అన్నీ స్టేషన్ రోడ్డులోనే వెలిశాయి. పట్టాలు ఊరిని రెండుగా చీల్చాయి. గేటు పడితే పెండ్లి ఊరేగింపైనా, శవయాత్రయైనా ఆగవలసినదే. రైలు వలన కలిగిన మేలును నేను తక్కువ చేయడం లేదు. దాని వలననే ఈ ఊళ్ళు పట్టణాలైనవి. కాని నడుమ దేవుని నిలిపి కట్టిన ఊరికి, నడుమ పట్టాలు పరచిన ఊరికి నడకలో గల తేడా మన కాళ్ళకు తెలుసు.

భూపాలపల్లి కథ ఇంకొక విధం. అది బొగ్గు తెచ్చిన పట్టణం. సింగరేణి కాలనీలలో వీథులు తిన్నగా, వరుస ఇళ్ళతో కొలిచినట్లుంటాయి. పెద్దరోడ్డు మీద లారీలు. గీత గీచినట్లున్న ఆ వీథులకు నడిబొడ్డు ఏదని అడిగితే చెప్పడం కష్టం. అయితే ఆ పట్టణం నుండి కొద్ది దూరం పోయి గణపురంలో కోటగుళ్ళను దర్శించండి. గణపతిదేవుని పేర వెలసిన గణపేశ్వరాలయం, దాని చుట్టూ రాతి ప్రాకారంలో ఇరవైకి పైగా చిన్న ఆలయాలు. అవి ఒక చిన్న పురం వలె వరుస తీరి ఉంటాయి. దాపుననే ఆ చక్రవర్తి పేరనే వెలసిన గణపసముద్రం చెరువు. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి, రామప్ప చెరువు కూడా ఇదే క్రమం. ఆ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా లభించినది. ఊరు, గుడి, చెరువు – ఈ మూడింటినీ కలిపి సంకల్పించడమే కాకతీయుల పద్ధతి. చెరువు నీటితో పంట, పంటలో భాగంతో దీపారాధన, గుడి చుట్టూ ఊరు, ఊరి వర్తకులు సంతలో అమ్మిన సరుకు మీద దేవునికి ఆయం. శాసనాలలో దాతలు రాసుకొన్నది బంగారు తొడుగుల గురించి కంటె చెరువు క్రింది మడుల గురించే ఎక్కువ.

మన పల్లెలలో ఈ పద్ధతి చిన్నరూపంలో నేటికీ జీవించి ఉన్నది. ఊరి నడుమ బొడ్రాయి, చెరువు కట్ట మీద కట్టమైసమ్మ, ఊరి వెలుపల పోచమ్మ. బొడ్రాయి ప్రతిష్ఠ నాడు ఆడబిడ్డలందరు పుట్టింటికి రావాలన్న ఆచారాన్ని మీరు పాటించే ఉంటారు. నడిబొడ్డున స్వామి, చుట్టూ వలయాలు, వలయం అంచున నీరు. ఓరుగల్లు కోట పటాన్ని, ఒక మామూలు తెలంగాణ పల్లెను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే చక్రవర్తి నగరం మన బొడ్రాయికి పెద్దన్న వలె తోస్తుంది. పండితులు దీనిని ఒప్పుకొన్నా ఒప్పుకొనకపోయినా నాకీ పోలిక ఇష్టం.

వీథికి అసలైన పరీక్ష బతుకమ్మ పండుగ. సద్దుల నాటి సాయంత్రం హనుమకొండలో వేయిస్తంభాల గుడి వద్ద, పద్మాక్షి గుట్ట క్రింద జరిగే వేడుకను చూడండి. ఇంటి నుండి బయలుదేరిన పూలగోపురం వీథిలో, కూడలిలో తోటి బతుకమ్మలను కలుపుకొని, గుడి ముందర ఆడి, చివరకు నీటిని చేరుతుంది. ఇల్లు, వీథి, గుడి, చెరువు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి మూసుకొనిపోయినా పండుగ ఆగిపోతుంది. చెరువుకు దారి లేక నీళ్ళ ట్యాంకులో బతుకమ్మను విడిచిన కాలనీలు మీ ఎరుకలో లేవా?

నీటి సంగతి ఇంకను కఠినమైనది. ఒక చెరువు నిండి అలుగు పారితే క్రింది చెరువు నిండేలా కాకతీయులు, వారి సామంతులు గొలుసుగా చెరువులు కట్టారు. ఆ గొలుసు నడుమ ఉన్న కాలువల మీద మనం ఇళ్ళు కట్టుకొన్నాం. 2020 ఆగస్టులో వరంగల్లు, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి. 2023 జులైలో మరల మునిగాయి. ఆ జులైలోనే భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. అదే వర్షాలకు జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి సమీపాన మోరంచపల్లి గ్రామం మునిగింది. నీరు దారి తప్పలేదు. తన పాత దారినే వెదికింది. ఆ దారిలో మనమున్నాం. తరువాత 2024 నవంబరులో భద్రకాళి చెరువు నీటిని విడిచి పూడికతీత పనులు చేపట్టారు. అమ్మవారి ఆలయం చుట్టూ మాడవీథుల నిర్మాణం కూడా ఇటీవలి సంవత్సరాలలో మొదలైంది. ఆలస్యమైనా గుడిని, వీథిని, చెరువును మరల ఒక్కచూపున చూస్తున్నారన్నది సంతోషకరమే. వేయిస్తంభాల గుడి కల్యాణమండపం రాయి రాయి విప్పదీసి, ఏండ్ల తరబడి వేచి, 2024 మహాశివరాత్రికి తిరిగి తెరువబడిన సంగతి మీరెరుగుదురు. రాళ్ళను అంత ఓర్పుతో లెక్కపెట్టి మరల పేర్చగలిగిన వారమే మనం. అదే ఓర్పు ఆ గుడికి పోయే దారికి ఏల చాలదు?

దాతలైన మీతో చనువు తీసుకొని కొన్ని మాటలు చెబుతాను. మన్నింపుడు. ఆలయ కోనేటికి వాననీరు వచ్చే పాత తూము ఎక్కడుందో వృద్ధులనడిగి గుర్తింపజేయండి. నాపరాళ్ళు పరచునపుడు నేల ఎత్తు పెరిగి పొరుగు ఇండ్లలోనికి నీరు పోకుండా చూడండి. గుడి నేల ఒక జానెడు లేస్తే ఆ జానెడు నీరు ఎవరి గుమ్మంలోకో పోవలసినదే. పూలు, కొబ్బరికాయలు అమ్ముకొనే వారిని వీథిలోనుండి తరిమివేయక, అరుగు వలె ఒక వరుస కట్టించి నీడ కల్పించండి. సంత లేని గుడివీథి కాకతీయులకు తెలియదు. రథం తిరిగే మూలలో మాత్రం ఎవరూ, దేవస్థానంతో సహా, స్తంభం గాని స్వాగత ద్వారం గాని నాటకూడదు. దాత పేరు చెక్కిన సిమెంటు ద్వారం వీథికి అడ్డమై, ఉత్సవమూర్తి తల వంచుకొని పోవలసిన స్థితిని నేను ఒకటి రెండు ఊళ్ళలో చూచాను. ఆ ఊళ్ళ పేర్లు చెప్పను.

ప్రతిష్ఠ పూర్తయిన నాటి సాయంకాలం స్వామివారి గ్రామోత్సవం బయలుదేరుతుంది. పల్లకి తూర్పు ద్వారం దాటి, ప్రదక్షిణంగా పాత బజారు మీదుగా, చెరువు కట్ట వరకు వెళ్ళి వస్తుంది. ఆనాడు మీరు పల్లకి వెంట నడుస్తూ ఒక్కసారి ప్రక్కలకు చూడండి. ఏ మలుపులో బోయీలు నిలువవలసి వచ్చినదో, ఏ చోట గొడుగు తీగలకు తగిలినదో, ఎక్కడ ముసలమ్మ ఇంటి ముందరి అరుగు మీదనే కూర్చుండి హారతి ఇవ్వగలిగినదో గుర్తుంచుకొని, మరునాడు ఆలయ కార్యాలయంలో వ్రాయించండి.